దారిప్రక్కని అక్షరములు

(మూలకుళమున జరిగిన సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగము)



సంఘకార్యదర్శిగారు పదిదినముల క్రిందట మా యింటికి దయచేసి, "ఈ యేటి సమావేశమున తాము ఏదైన ఒక సాహిత్యవిషయముపై ప్రసంగింపవలెను" అని కోరినారు. నేను కళాశాలలో చరిత్రయు తెలుగును చదివినమాట నిజమే. కాని పట్టము పుచ్చుకొని ఇరువదియేండ్లు దాటినది. అప్పటినుండి నేను శ్రద్ధగా చదివినవి సచివాలయపు దస్త్రములు మాత్రమే. వానిలో రసము లేదని నేననను. అది సభలో పంచుకొనదగిన రసము కాదు. అందుచే పుస్తకములను విడిచి, కాలినడకన నేర్చుకొన్న సంగతులు కొన్ని మనవి చేయుటకు వారి అనుమతి పొందితిని.

నడక నాకు స్వభావసిద్ధమైన అలవాటు కాదు. రక్తపరీక్ష చూచిన వైద్యుడు దినమునకొక గంట నడువవలసినదని శిక్ష విధించినాడు. మొదట మన మూలకుళపు వీధులలోనే నడచితిని. ఎదురైనవారందఱు తెలిసినవారే. ఒక్కొక్కరితో పది నిమిషములు నిలువబడి మాటాడుటచే గంటకు అరమైలు కూడ సాగుట లేదు. అందుచే ఆదివారములందు తెల్లవారకమునుపే స్కూటరుపై సముద్రపుటొడ్డునకు పోయి, అక్కడ దానిని నిలిపి, పాతపట్టణమున నడచుట మొదలిడితిని. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి తోడు వచ్చెడిది. ఆమెకు నడకపై కంటె నడక చివర దొరకు ఇడ్డెనలపై మక్కువ యెక్కువ.

పుదుచ్చేరి పాతపట్టణమున దారి తప్పుట కష్టము. 1693లో డచ్చివారు ఈ ఊరిని ఫ్రెంచివారినుండి గెలుచుకొని 1699 వఱకు ఏలినారు. ఆ కొద్దిపాటి కాలములో వారు చేసిన పెద్దపని, ఊరికి గళ్లకాగితము వంటి వీధుల పథకము గీయుట. గీసినవారు వెడలిపోయినారు, గీతలు నిలిచినవి. ఆ గీతలు కలిసిన మూలమూలను నీలిరంగు ఎనామెలు రేకులున్నవి. వానిపై తెల్లని అక్షరములు, ఫ్రెంచిలోను తమిళములోను. ఆ రేకులను నేను ఆఱేండ్లపాటు చదువకయే చూచితిని. తపాలాబిళ్లపై బొమ్మ ఎవరిదో ఎవరు విచారింతురు? కవరుకు అంటించుటతో దాని పని తీరిపోవును. నాకు వీధిపేరు పనియు అట్టిదే.

ఒక ఆదివారము మా అమ్మాయి ఒక రేకు క్రింద నిలిచిపోయినది.

"నాన్నా, బుస్సీ అంటే ఎవరు?"

"ఎవరో ఫ్రెంచిదొర. పద, ఎండ వస్తుంది."

"బొబ్బిలి యుద్ధం సినిమాలో బుస్సీ ఉన్నాడు కదా. వాడేనా?"

నేను జవాబు చెప్పలేకపోయితిని. 1964లో వచ్చిన ఆ చలనచిత్రమును మా యింటిలో టెలివిజనుపై ఎన్నిమాఱులు చూచితిమో లెక్క లేదు. చిన్ననాడు జంగముకథలోను, బుఱ్ఱకథలోను బుస్సీ పేరు వినినప్పుడెల్ల వెన్ను జలదరించెడిది. చరిత్రలో పట్టము పుచ్చుకొన్నవాడను. ఆఱేండ్లుగా ఆ వీధి వెంబడి భోజనపు క్యారియరు చేత పట్టుకొని పోవుచున్నవాడను. తాండ్ర పాపారాయని కథలోని బుస్సీయు, నేను స్కూటరు నిలుపు వీధిలోని బుస్సీయు ఒక్కడే యన్న తలపు ఒక్కనాడైనను నాకు తట్టలేదు. ఎనిమిదవ తరగతి పిల్లకు తట్టినది.

ఆ సాయంకాలము పాత పాఠ్యగ్రంథములు దింపి దుమ్ము దులిపితిని. అతడే. 1750లో సెంజికోటను ఒక్క రాత్రిలో పట్టినవాడు. 1751లో సలాబత్ జంగును దక్కను గద్దెపై నిలిపి, ఏడేండ్లు అతనిప్రక్క ఫ్రెంచి సేనతో నిలిచినవాడు. 1753లో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచివారికి వ్రాయించుకొన్నవాడు. అనగా మనలో కోస్తాజిల్లాలనుండి వచ్చినవారి పూర్వులు కొన్ని సంవత్సరములు ఈ పుదుచ్చేరి పెత్తనమునకు లోబడి పన్ను కట్టినవారే. 1757 జనవరి 24వ తేదీన అతని ఫిరంగులు బొబ్బిలికోటను కూల్చినవి. కోటలోని స్త్రీలను పిల్లలను శత్రువుల చేతికి చిక్కనీయక తమవారే చంపుకొన్న కథ మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ తరువాత పాపారాయడు డేరాలో చొచ్చి విజయరామరాజును చంపిన కథయు మీరెఱిగినదే. మన కథకులు పాపారాయని కత్తిని పాడినంతగా పాడని సంగతి ఒకటి ఉన్నది. బుస్సీ ఫిరంగులు బొబ్బిలికి తమంత తాము పోలేదు. విజయనగరమువారు వెంటబెట్టుకొని పోయినారు. పొరుగు సంస్థానముపై పగ తీర్చుకొనుటకు పరదేశి తుపాకిమందు అరువు తెచ్చుకొన్నారు.

1758లో లాలీ పిలుపుపై బుస్సీ దక్షిణమునకు వచ్చినాడు. అతడు కాలు తీసిన సంవత్సరములోనే చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడినారు. మఱుసటియేడు మచిలీపట్నము పోయినది. దానితో సర్కారులు పోయినవి. బుస్సీ 1760లో వందవాసి యుద్ధమున ఆంగ్లేయులకు పట్టుబడి, స్వదేశమునకు పోయి, ముసలితనమున తిరిగివచ్చి 1785 జనవరిలో ఈ పుదుచ్చేరిలోనే చనిపోయినాడు. 1855లో కట్టిన నోత్ర్‌దామ్ దెజాంజ్ దేవాలయమున కెదురుగానున్న పాత శ్మశానవాటికలో అతని సమాధి కలదు. తరువాతి ఆదివారము మేమిద్దఱము అక్కడకు పోయితిమి.

"నాన్నా, ఇక్కడ దండం పెట్టాలా, తిట్టాలా?" అని అడిగినది.

రెండును చేయక కొంతసేపు నిలిచితిమి. బొబ్బిలిలో ఆ యుద్ధమునకు గుర్తుగా రాతిస్తంభమున్నది. ఇచ్చట ఈ సమాధి యున్నది. ఒకే కథకు రెండు కొసలు. నడుమ ఎన్నో వందల మైళ్ల దూరము. ఒక కొసన నిలిచినవానికి రెండవ కొస ఉన్నదని చెప్పువారు లేరు. రేకుపై పేరు మాత్రమే వ్రాయుదురు. ఏ సంవత్సరము, ఏమి చేసినాడు, ఎవరికి చేసినాడు అన్నది వ్రాయరు. ఇప్పుడు ఆ వీధికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు కూడ ఉన్నది. శాస్త్రిగారిపై ఎవరికి అభ్యంతరముండును? కాని ఆటోవానికి చెప్పునప్పుడు జనులు నేటికిని బుస్సీ వీధి యనియే అందురు. అట్లే డూప్లే వీధి నెహ్రూ వీధి యైనది. ఒక వీధికి రొమే రొలా పేరున్నది. గాంధీజీ చరిత్రను, రామకృష్ణ వివేకానందుల చరిత్రలను వ్రాసిన ఆ మహానుభావుడు భారతదేశమున ఒక్కమాఱైనను అడుగుపెట్టినవాడు కాడు. రాకయే వీధి సంపాదించుకొన్నాడు. నాకు ఇది ఎంతయు సంతోషము కలిగించినది.

పేర్లు మార్చు దస్త్రములు ఎట్లు నడచునో నాకు తెలియును కనుక ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఇది సభలో చెప్పుటకు ఇష్టమైన సంగతి కాదు. కాని ఈ ప్రసంగమున కొప్పుకొన్నది దీనిని చెప్పుటకే.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఈ ఊరికి రాకపూర్వము, తెలుగు జిల్లాలలోని ఒక చిన్న ఊరిలో మఱియొక కార్యాలయమున పనిచేసితిని. రోడ్డు వెడల్పు చేయు పథకమొకటి వచ్చినది. తొలగింపవలసినవాని జాబితాలో రెండు వేపచెట్లు, ఒక చలివేంద్రపు అరుగు, "రాయి ఒకటి" అని యుండెను. ఆ రాతిని నేనెఱుగుదును. దానిపై గుఱ్ఱపురౌతు బొమ్మ, క్రింద మూడు నాలుగు పంక్తుల అక్షరములు. వీరగల్లులు మన పల్లెలలో దారిప్రక్కనే యుండును. యుద్ధములోనో, ఆవులమందను కాపాడుటలోనో చచ్చినవాని కొఱకు ఊరివారు నిలిపిన రాళ్లు అవి. ఈ రాతికి ఆడువారు శుక్రవారము పసుపు పూసెడివారు. అక్షరములలో పసుపు పేరుకొని చదువ వీలు లేకుండెను. నేను ప్రయత్నించినదియు లేదు. దస్త్రముపై "అభ్యంతరము లేదు" అని వ్రాసి పొడి సంతకము చేసితిని. వ్రాయుటకు అరనిమిషము కూడ పట్టలేదు. పురావస్తుశాఖవారికి ఒక ఉత్తరము వ్రాయవచ్చునని తోచలేదు. తోచినను, పథకము ఆలస్యమగునని పైవారు విసుగుకొందురని మానియుందును. ఆ సంగతిని నిజాయితీగా ఒప్పుకొనుచున్నాను.

నాలుగేండ్ల తరువాత ఒక పెండ్లికి ఆ ఊరికి పోయితిని. రోడ్డు చక్కగానున్నది. రాయి ఏదని అడిగితిని. ఒకరు చెఱువుగట్టునకని, ఒకరు గుడివెనుకకని చెప్పిరి. చివరకు ఒక ముసలాయన నన్ను రేవునకు తీసికొనిపోయి చూపినాడు. బట్టలుదుకు బండగా వేసినారు. బొమ్మవైపు క్రిందకు. పైవైపు నున్నగా నున్నది. "అయ్యా, ఇది మంచి రాయండి, జారదు" అని అక్కడివారు మెచ్చుకొన్నారు. దానిని తిప్పి చూపుడని అడుగుటకు నాకు నోరు రాలేదు. అడిగినచో ఎందులకని వారడుగుదురు, నేనేమి చెప్పగలను? ఆ నాలుగు పంక్తులలో ఎవరి పేరున్నదో, ఏ శతాబ్దమో, ఏ ఆవులమందయో! చదువకయే సంతకము చేసినవాడను నేను.

బుస్సీ రేకు క్రింద మా అమ్మాయి నిలిచిననాడు నాకు మొదట గుర్తునకు వచ్చినది ఆ బండయే. అందుచేతనే నా నడక వైద్యుడు విధించిన గంట దాటి మూడు గంటలైనది. ప్రతి రేకును, ప్రతి రాతిని చదువ మొదలిడితిని. ఫ్రెంచి నాకు రాదు. నిఘంటువొకటి కొంటిని.

కాలువకు పడమటి వైపున, పెద్ద బజారు దాపున రంగపిళ్లై వీధి యున్నది. డూప్లే దొరకు దుబాసీగా నుండిన ఆనందరంగపిళ్లై ఇల్లు అచ్చటనే. 1738 నాటిదని చెప్పుదురు. క్రింద మన దేశపు కొయ్యకంబములు, పైన ఫ్రెంచిపద్ధతి సున్నపు స్తంభములు. యజమాని బ్రతుకు ఎట్టిదో ఇల్లును అట్టిదే. 1736 నుండి 1761లో మరణించు వఱకు ఆయన తమిళమున దినచర్య వ్రాసినాడు. ఓడల రాకపోకలు, బట్టల మూటల బేరములు, కోమటుల తగవులు, దొరసానుల కోపములు, అన్నియు దానిలోనున్నవి. 1748లో వేదపురీశ్వరుని గుడిని పడగొట్టిన దినమున ఊరివారు పడిన దుఃఖమును ఆయన వ్రాసియుండనిచో మనకు తెలిసెడిది కాదు. నేటి ఈశ్వరన్ కోయిల్ వీధిలోని గుడి తరువాత వేఱొకచోట కట్టినది. వీధిపలక గుడి ఉన్నచోటును చెప్పును, లేనిచోటును చెప్పదు. 1761 జనవరిలో, పట్టణము ఆంగ్లేయుల వశమగుటకు కొన్ని దినములు ముందుగా పిళ్లై కన్నుమూసినాడు. పిమ్మట ఆంగ్లేయులు పట్టణమును నేలమట్టము చేసిరి. ఆ యిల్లు మిగిలినది. దినచర్యయు మిగిలినది. 1846లో అది వెలుగులోనికి వచ్చినది. 1904 నుండి 1928 వఱకు మదరాసు ప్రభుత్వము పన్నెండు సంపుటములుగా ఆంగ్లానువాదమును ప్రకటించినది.

ఇంతవఱకు పర్యాటకులకు చెప్పు కథయే. మన కథ వేఱొకటి కలదు. తెలుగు ఛందస్సు చదువుకొన్నవారు 'ఆనందరంగరాట్ఛందము' అను లక్షణగ్రంథము పేరు వినియుందురు. కస్తూరి రంగకవి కృతి. ఆ పేరులోని ఆనందరంగరాట్టు ఎవరు? ఏ సంస్థానాధీశ్వరుడో యని నేను కళాశాలదినములలో అనుకొనెడివాడను. మా ఉపాధ్యాయులు చెప్పలేదు, నేనడుగలేదు. ఆ రాట్టు ఈ వీధిలోని దుబాసీయే. గణములు, యతులు, ప్రాసములు ఇవి యని తెలుగుకవులకు నేర్పు గ్రంథమునకు పుదుచ్చేరిలో బట్టలమూటలు లెక్కించు తమిళుడు కృతిపతి యైనాడు. ఆయన కొలువున తమిళమునకు, సంస్కృతమునకు, తెలుగునకు సమానముగా చోటుండెను. ఆ గుమ్మము ముందు నిలిచి మా అమ్మాయికి ఈ సంగతి చెప్పితిని. "అయితే మనకి ఇక్కడ చుట్టాలున్నారన్నమాట" అన్నది. రేకుపై ఫ్రెంచియున్నది, తమిళమున్నది. తెలుగు లేదు. అడుగుటకు నాకు అధికారమును లేదు, ఆ ఊహయు లేదు. తెలుగువాడు చదువవలసిన సంగతి ఆ రేకు వెనుక నున్నదని తెలుగువానికి తెలిసినచో చాలును.

సముద్రపుటొడ్డున గాంధీజీ విగ్రహము చుట్టును ఎత్తైన నల్లని రాతిస్తంభములున్నవి కదా. వానికి ఆనుకొని ఫోటోలు తీసికొనని వారు మనలో లేరు. అవి సెంజినుండి ఫ్రెంచివారు తెచ్చినవని చెప్పుదురు. సెంజిలో వేంకటరమణస్వామి ఆలయమున్నది, ముత్యాలునాయకుడు కట్టించినది. ముత్యాలు అను పేరు విన్న చెవికి భాష చెప్పనక్కఱలేదు. విజయనగరము పంపిన తెలుగునాయకులు సెంజిని ఏలినారు, కోటలు కట్టినారు. ఆ కోటను పట్టినది బుస్సీ. చూడుడు, ఒక రేకు చదువగా మఱియొక స్తంభము పలుకుచున్నది. ఒకప్పుడు డూప్లే విగ్రహము దగ్గఱ నిలిచిన ఆ స్తంభములు నేడు గాంధీజీకి కాపున్నవి. దీపస్తంభము 1836 నాటిది. 1914 యుద్ధమున ఫ్రెంచిజెండా క్రింద చనిపోయినవారి స్మారకము 1938లో తెఱవబడినది. పురపాలకభవనము 2014లో వానకు కూలి, మరల పూర్వరూపముననే లేచి 2021లో తెఱవబడినది. వీనినన్నిటిని ఒక్కొక్క దినము చూడవలసినదే. నాకిప్పుడు కాలము చాలదు. అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు.

ఇక మిగిలిన కాలమంతయు ఒక్క మండపమునకు కేటాయించెదను. ఏలయన, పట్టణమంతయు తిరిగి తిరిగి నేను మరల మూలకుళమునకు వచ్చి పడినది ఆ మండపము మూలముననే.

శాసనసభాభవనము, రాజ్యపాలుని భవనము నడుమనున్న ఉద్యానమున తెల్లని మండపమొకటి కలదు. మూడవ నెపోలియను చక్రవర్తి కాలమున కట్టినది. దానిని ఆయి మండపమందురు. ప్రభుత్వపు ముద్రలోను, కాగితములపైనను దాని బొమ్మ చూచి చూచి మా కన్నులు కాయలు కాచినవి. ఆయి యనగా ఎవరని నేనొక గుమాస్తాను అడిగితిని. ఆయన, "సార్, దేవదాసి. మీ రాజు ఆమె ఇల్లు కూలగొట్టించాడు కదా" అన్నాడు. మా రాజు ఎవరని తెల్లబోయితిని. కృష్ణదేవరాయలట!

కథ యిట్లు చెప్పుదురు. రాయలు ఒకనాటి సంధ్యవేళ ఈ ప్రాంతమున పోవుచు, దీపములతో వెలుగుచున్న ఒక భవనమును చూచి దేవాలయమని భ్రమించి చేతులు జోడించినాడు. అది ఆయి యను వేశ్య యిల్లని తెలిసి కోపించి, పడగొట్టుడని ఆజ్ఞ యిచ్చినాడు. ఆయి వేడుకొని, తానే తన యింటిని పడగొట్టించి, ఆ చోట జనులకు చెఱువు త్రవ్వించినది. మూడువందల యేండ్లు దాటిన పిదప, పట్టణమున త్రాగునీరు చాలక జనులు బాధపడుచుండగా, లామైరెస్ అను ఇంజనీరు ఆ చెఱువు తావునుండి నీరు తెచ్చినాడు. కథ విన్న చక్రవర్తి, స్మారకము ఇంజనీరునకు కాక ఆయికి కట్టుడని ఆజ్ఞాపించినాడట.

దీనిలో నీటి సంగతి చరిత్ర. రాయల సంగతికి శాసనాధారమును నేను చూడలేదు. రాయలకు బదులు ఆయన అధికారి యొకడని చెప్పువారును కలరు. కాని వినినప్పుడు నాకు మనసు చివుక్కుమన్నది. మనకు రాయలనగా ఆంధ్రభోజుడు. ఆముక్తమాల్యద వ్రాసినవాడు. ఆ కావ్యమున మాలదాసరి కథ యున్నది. అంటరానివాడని లోకమన్న భక్తుని పాటకు బ్రహ్మరాక్షసుడు తరించిన కథ. అట్టి కథ వ్రాసిన చేయి, ఒక వేశ్య యింటికి పొరబాటున జోడింపబడినందులకు సిగ్గుపడి ఆ యింటిని కూలద్రోయించెనా? నమ్మబుద్ధి కాదు. అయినను ఇన్ని తరములుగా ఈ ఊరిజనులు నమ్మినారు. మన రాజును మనము సింహాసనమువైపునుండి చూచినాము. వారు కూలిన గోడవైపునుండి చూచినారు. బొబ్బిలివారు బుస్సీని చూచినదియు ఆ వైపునుండియే కదా యని తోచినప్పుడు నా కోపము చల్లారినది. మా అమ్మాయి మాత్రము నిర్మొగమాటముగా ఆయి పక్షము వహించినది.

ఆ చెఱువు ఎక్కడ? ఇచ్చటనే! మన ముత్తరయర్‌పాళయమున. ఈ సభ జరుగుచున్న చోటినుండి నడచిపోదగిన దూరములో. ఆయి పేరిట చెఱువును నేటికిని అచ్చట చూపుదురు. మన పిల్లలు బడికి పోవు దారి అది. మనము కూరగాయలు కొను దారి అది. ఆ దారిన నేనెన్నివందలమాఱులు పోతినో, పట్టణపు నడిబొడ్డున నిలిచిన ఆ తెల్లని మండపము నా వీధి చివరి చెఱువును గూర్చి చెప్పుచున్నదని ఎఱుగకయే పోతిని.

అటుపిమ్మట మన పరిసరముల పేర్లను కూడ విన మొదలిడితిని. మూలకుళములోని కుళమనగా చెఱువే. ప్రక్కనున్న రెడ్డియార్‌పాళయమును రోజుకు పదిమాఱులు పలుకుదుము. రెడ్డియార్లు తమిళదేశమున స్థిరపడిన తెలుగు రెడ్లు. పాళయము మన పాలెమే. ఆ పలకపై తెలుగు లిపి లేదు; పేరున్నది. బదిలీపై వచ్చి, "ఈ పరాయి ఊరిలో తెలుగు వినబడదు" అని విసుగుకొనువారు బస్సుదిగునప్పుడు కండక్టరు పిలుపు వినిన చాలును. పడమటికి విల్లియనూరు దారిన పోయినచో కీళూరు స్మారకము. 1954 అక్టోబరు 18న అచ్చట సమావేశమైన 178 మంది ప్రతినిధులలో 170 మంది భారతదేశమున చేరుటకు సమ్మతించిరి. యానాము అంతకు ముందే, జూన్ 13న విముక్తమైనది; దానికి దడాల రఫేలు రమణయ్యగారు నాయకులు. ఆ యేడు నవంబరు 1న ఈ ప్రాంతము మన దేశపు పాలనలోనికి వచ్చినది. సరిగా రెండేండ్లకు, అదే తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. మన సంఘము ఆ దినమున రెండు దీపములు వెలిగింపవచ్చును.

లండనులో ప్రసిద్ధుల యిండ్లకు పలకలు తగిలించు ఆచారమున్నది. మొదటి పలకను 1867లో బైరను కవి పుట్టిన యింటికి తగిలించినారు. ఇరువదిరెండేండ్లకు ఆ యిల్లే పడగొట్టినారు. కనుక పలక తగిలించుటతో రక్షణ కలుగునన్న భ్రమ నాకు లేదు. పలకలు పెట్టుడని ఏ కార్యాలయమునకును వినతిపత్రము పంపుదమని నేను కోరుట లేదు. వినతిపత్రములు చేరు బల్లవద్ద కూర్చుండువాడను నేను. వాని గతి నాకు తెలియును. నేను కోరునది చిన్నపని. సంఘమున ఒక చిట్టా పెట్టుదము. మనలో ప్రతివారును తమ ఊరిలోనిది గాని, ఈ ఊరిలోనిది గాని, ఒక్క రాతిని, ఒక్క పలకను చదివి దానిలో ఎక్కింపవలెను. ఎక్కడ నున్నది, ఎంత ఎత్తు, ఏ భాష, ఎన్ని పంక్తులు, ఏమున్నది, ఎవరు చూచినారు, ఏ తేదీన. ఆఱేడు గడులు చాలును. చదువ రానిచో ఫోటో తీసి అంటింపవలెను. రేపు రోడ్డు వెడల్పు చేయుదురు. ఎవరో ఒక కుఱ్ఱ ఉద్యోగి "అభ్యంతరము లేదు" అని వ్రాయును. అతనికి చూపుటకు మనచేత ఒక కాగితముండవలెను. మొదటి పుటలో నేను నా రేవుబండను ఎక్కించితిని. "పంక్తులు: మూడు లేక నాలుగు. విషయము:" అని వ్రాసి, ఎదుట గడిని ఖాళీగా విడిచితిని. ఈ సంక్రాంతికి సెలవు పెట్టి ఆ ఊరికి పోవుచున్నాను. ఆ బండకు బదులు వేయుటకు ఒక క్రొత్త రాతిని, దానిని తిప్పుటకు నలుగురు మనుష్యులను కుదుర్చుడని అచ్చటి మిత్రునకు ఉత్తరము వ్రాసితిని. ఇంకను జవాబు రాలేదు.

వచ్చు ఆదివారము ఉదయము 6 గంటలకు ఆయి చెఱువువద్ద కలిసికొని, అక్కడనుండి ఉద్యానములోని మండపము వఱకు నడచిపోవుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు. నీరు నడచిన దారి అది; మనమును నడువగలము. పెద్దవారికి వెనుక ఒక వ్యాను వచ్చును. చెంబుతో నీళ్లు, మెత్తని గుడ్డ, పిల్లల చేతికి నోటుపుస్తకము తెచ్చుకొనవలెను. అక్షరములపై సున్నము గాని, మేకుతో గీయుట గాని కూడదు. నడక చివర ఇడ్డెనల ఖర్చు సంఘమే భరించునని మా అమ్మాయి నమ్మకము. కోశాధికారిగారు ఇంతవఱకు అవునని గాని కాదని గాని సెలవీయలేదు.